అగ్నిపర్వత బిలాల్లో సరస్సులు: ఆ నీళ్ళలో ఏముంటుంది, ఆ వాయువు ఎక్కడిది? తరచుగా అడిగే ప్రశ్నలు

"రంగులు మార్చే వింత సరస్సు", "ఒక్క రాత్రిలో వందల ప్రాణాలు తీసిన సరస్సు" లాంటి శీర్షికలు మీరూ చూసే ఉంటారు. రంగు ఎందుకు మారింది, ప్రాణాలు ఎలా పోయాయి అన్నది మాత్రం ఆ వార్తల్లో రెండు లైన్లకి మించి ఉండదు. ఈ విషయం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకి ఇక్కడ కాస్త వివరంగా జవాబులు రాస్తున్నాను. ఇంటర్‌లో చదివిన కెమిస్ట్రీ గుర్తుంటే మంచిదే, లేకపోయినా అర్థమవుతుంది.

అగ్నిపర్వతం మీద అసలు సరస్సు ఎలా ఏర్పడుతుంది?

విస్ఫోటనం అయిపోయాక పైన పెద్ద గొయ్యి మిగులుతుంది. వాన నీళ్ళు, కరిగిన మంచు అందులోకి చేరతాయి. అడుగున బూడిద, బంకమట్టి పేరుకుపోయి నీళ్ళు ఇంకిపోకుండా ఆపుతాయి. వచ్చే నీళ్ళు ఆవిరైపోయే నీళ్ళకన్నా ఎక్కువైతే సరస్సు నిలుస్తుంది. కింద నుంచి వేడి మరీ ఎక్కువగా వస్తే ఎండిపోతుంది.

ఏర్పడే తీరు అన్ని చోట్లా ఒకటే కాదు. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో మజామా పర్వతం దాదాపు 7,700 ఏళ్ళ కిందట పేలి, పైభాగం తనలోకే కుప్పకూలింది. అక్కడ నిండిన క్రేటర్ లేక్ 594 మీటర్ల లోతు. కామెరూన్‌లోని న్యోస్ సరస్సు కథ వేరు, పైకి వస్తున్న మాగ్మాకి, అంటే భూమి లోపలి కరిగిన రాతికి, భూగర్భ జలం తగిలి ఒక్కసారిగా ఆవిరై పేలడంతో నేలలో పడిన గుంట అది.

ఇలాంటి సరస్సులన్నిటిలోనూ ఆమ్లమే ఉంటుందా?

ఉండదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

కింద ఉన్న మాగ్మా నుంచి వాయువులు నేరుగా నీళ్ళలోకి వస్తుంటే ఆ నీళ్ళు ఘాటైన ఆమ్లంగా మారతాయి. ఇండోనేసియాలో కవా ఇజెన్, కోస్టారికాలో పోయాస్, న్యూజీలాండ్‌లో రువాపెహు ఈ కోవలోవి. మాగ్మా బాగా లోతున ఉండి, కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే నెమ్మదిగా పైకి ఊరుతుంటే న్యోస్ లాంటి సరస్సు తయారవుతుంది. అందులో పైనీళ్ళు మామూలు మంచినీళ్ళలాగే కనిపిస్తాయి, చుట్టూ పచ్చిక, పశువుల మేత, ఊళ్ళు. ఇక ఆరిగన్ క్రేటర్ లేక్ లాంటి చోట వాన, మంచు నీళ్ళదే పైచేయి, అడుగున అక్కడక్కడా వేడి ఊటలున్నా నీళ్ళు ప్రపంచంలోనే అతి స్వచ్ఛమైన వాటిలో లెక్క.

ఈ పేజీలో ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: సరస్సు ప్రమాదకరమా కాదా అన్నది రంగు, వాసన, పొగ చూసి తేలదు. వాయువు ఎక్కడి నుంచి వస్తోంది, ఎంత తేలిగ్గా బయటికి పోగలుగుతోంది, ఎక్కడ ఆగిపోయింది అన్నవే తేలుస్తాయి. చూడ్డానికి భయం పుట్టించే ఆమ్ల సరస్సు తన వాయువుని రోజూ బయటికి వదిలేస్తూ ఉండొచ్చు, ప్రశాంతంగా కనిపించే నీలి సరస్సు ఏళ్ళ తరబడి దాన్ని కడుపులో దాచుకుని ఉండొచ్చు.

ఆ ఆమ్లం ఎక్కడి నుంచి వస్తుంది?

మాగ్మా నుంచి వచ్చే వాయువుల్లో సింహభాగం నీటి ఆవిరే. తర్వాత కార్బన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, హైడ్రోజన్ క్లోరైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటాయి.

హైడ్రోజన్ క్లోరైడ్ నీళ్ళలో కలిస్తే అదే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. సల్ఫర్ డయాక్సైడ్ సంగతే ఆసక్తికరం. వేడి నీళ్ళు తగలగానే అది తనతో తానే చర్య జరిపి రెండుగా విడిపోతుంది: ఒక భాగం ఆక్సీకరణం చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది, మిగతాది గంధకంగానో, పరిస్థితిని బట్టి హైడ్రోజన్ సల్ఫైడ్‌గానో మారుతుంది. బయటి నుంచి ఆక్సిజన్ అక్కర్లేకుండానే ఇదంతా జరిగిపోతుంది. అందుకే ఈ సరస్సుల నీళ్ళలో ఆమ్లం, అడుగున గంధకం, గాలిలో కుళ్ళిన గుడ్ల వాసన, మూడూ ఒకే చోట ఉంటాయి.

అలా తయారైన ఆమ్లం ఊరికే ఉండదు, చుట్టూ ఉన్న రాయిని తినేస్తుంది. అల్యూమినియం, ఇనుము, మెగ్నీషియం, కాల్షియం అన్నీ కరిగి నీళ్ళలోకి వస్తాయి. కాబట్టి ఈ నీళ్ళ రసాయనంలో రెండు కథలు కలిసి ఉంటాయి. క్లోరైడు, సల్ఫేటు, ఫ్లోరైడు చెప్పేది వాయువు కథ, లోహాలు చెప్పేది రాయి కథ. ఈ రెండిటినీ విడదీసి చదవడమే శాస్త్రవేత్తలు చేసే పని.

పిహెచ్ సున్నా అంటున్నారు, అలా ఉంటుందా?

ఉంటుంది. స్వచ్ఛమైన నీటి పిహెచ్ 7. ఒక్కో అంకె తగ్గినప్పుడల్లా ఆమ్లత పదింతలు పెరుగుతుంది, అంటే పిహెచ్ సున్నా దగ్గర అది స్వచ్ఛమైన నీటికన్నా కోటి రెట్లు ఎక్కువ. కవా ఇజెన్ నీళ్ళు సున్నాకీ 0.5కీ మధ్య ఉంటాయి. దాదాపు కిలోమీటరు వెడల్పు, 180 మీటర్లకు పైగా లోతు ఉన్న సరస్సు మొత్తం అలాంటి ఆమ్లమే, ఈ స్థాయి ఆమ్ల సరస్సుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. పోయాస్‌లోని లగూనా కలియంతే అయితే కొన్ని సందర్భాల్లో సున్నా కన్నా కిందికి, అంటే రుణ సంఖ్యలోకి కూడా పోయింది. పిహెచ్ 0 నుంచి 14 వరకే ఉంటుందని బడిలో చెప్పేది మామూలు ద్రావణాల సంగతి, ఆమ్లం అంతకన్నా గాఢంగా ఉంటే సున్నా కిందికి వెళ్ళడానికి అడ్డేమీ లేదు.

రంగులు ఎందుకు మారుతాయి?

ఇండోనేసియాలో ఫ్లోరెస్ దీవిలోని కెలిముటు పర్వతం మీద మూడు సరస్సులు పక్కపక్కనే ఉంటాయి, మూడూ మూడు రంగులు, పైగా ఒక్కోటీ తన రంగు తాను మార్చుకుంటూ ఉంటుంది. చనిపోయినవాళ్ళ ఆత్మలు వాటిలోకి చేరతాయని అక్కడి లియో ప్రజల నమ్మకం.

రసాయనపరంగా చూస్తే ఇనుముది ముఖ్యమైన పాత్ర. కింద నుంచి వచ్చే వాయువు నీళ్ళలోని ఆక్సిజన్‌ని లాగేస్తే ఇనుము ఫెర్రస్ రూపంలో ఉండి ఆకుపచ్చ ఛాయ ఇస్తుంది. ఆక్సిజన్ పైచేయి అయితే ఫెర్రిక్‌గా మారి ఎరుపు, గోధుమ రంగు వస్తుంది. ఇజెన్‌లో కనిపించే పాలు కలిసిన నీలి రంగుకి కారణం వేరు. నీళ్ళలో తేలే అతి సన్నని గంధకపు రేణువులు, సిలికా వెలుతురుని చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుంది. రంగు మారిందంటే వాయువు రాకలో ఏదో మార్పు జరిగి ఉండొచ్చు, వానలు పడి నీళ్ళు పలచబడీ ఉండొచ్చు. రంగు ఒక్కదాన్ని పట్టుకుని విస్ఫోటనం వస్తుందని చెప్పేవాళ్ళని నమ్మకండి.

ఈ నీళ్ళు పక్క ఊళ్ళకి చేరితే?

ఈ ప్రశ్న అందరూ అడగాల్సింది, అడిగేవాళ్ళు తక్కువ. కవా ఇజెన్ నుంచి ఊరే ఆమ్ల జలం బన్యుపహిత్ అనే వాగుగా మొదలై, కిందికి పోయేకొద్దీ వేరే ఏర్లతో కలిసి బన్యుపుతిహ్ నదిగా అసెంబగుస్ మైదానానికి చేరుతుంది. అక్కడి రైతులు ఆ నీళ్ళతోనే పొలాలు పారిస్తారు. పొలాల్లోకి అల్యూమినియం, ఆమ్లం, ఫ్లోరైడు వస్తాయి. ఫ్లోరైడు బావుల్లోకి కూడా ఇంకి, అక్కడి పిల్లల పళ్ళ మీద మచ్చలు పడటం, అంటే దంత ఫ్లోరోసిస్, పరిశోధకులు నమోదు చేసిన విషయం.

నల్గొండ ఫ్లోరైడు బాధ తెలిసిన మనకి ఇది ఎవరో విడమరిచి చెప్పాల్సిన పని లేదు. అయితే మూలం వేరు. నల్గొండలో ఫ్లోరైడు అగ్నిపర్వతం నుంచి రాలేదు, ఆ ప్రాంతపు గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుంచి నెమ్మదిగా భూగర్భ జలంలోకి కరిగింది. అసెంబగుస్‌లో మాగ్మా వాయువు ఆ ఫ్లోరైడుని తెచ్చి సరస్సులో పోసింది. పళ్ళకీ ఎముకలకీ మాత్రం ఎక్కడి నుంచి వచ్చినా తేడా లేదు. పటిక, సున్నం వాడి ఫ్లోరైడు తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి నల్గొండ పద్ధతి అంటారు.

కొన్ని సరస్సుల్లోకి కార్బన్ డయాక్సైడ్ మాత్రమే ఎందుకు వస్తుంది? మిగతా వాయువులు ఏమయ్యాయి?

మాగ్మాలో అన్ని వాయువులూ ఒకే పట్టుతో కరిగి ఉండవు. కార్బన్ డయాక్సైడ్‌కి పట్టు తక్కువ, అందుకే మాగ్మా ఇంకా కిలోమీటర్ల లోతున ఉండగానే బయటపడుతుంది. గంధకం, క్లోరిన్, ఫ్లోరిన్ వాయువులు బయటపడాలంటే మాగ్మా బాగా పైకి రావాలి. పైగా ఆ వాయువులు దారిలో భూగర్భ జలం తగిలితే అందులో కరిగిపోయి అక్కడే ఆగిపోతాయి, కార్బన్ డయాక్సైడ్ అంత తేలిగ్గా ఆగదు. న్యోస్ కింద ఇదే జరుగుతోంది. సరస్సు అడుగు నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేటు, కరిగిన ఇనుము బాగా ఉన్నాయి గానీ గంధకం, క్లోరైడు చాలా తక్కువ. మాగ్మా దగ్గర్లో లేదని దాన్ని బట్టే తెలుస్తుంది.

అది నిజంగా భూమి లోపలిదేనని, కుళ్ళిన ఆకులూ చెట్ల నుంచి వచ్చింది కాదని ఎలా చెబుతారు?

మూడు ఆధారాలు కలిపి చూస్తారు. మొదటిది కార్బన్-14. బతికున్నవాటిలో, ఈమధ్య చచ్చినవాటిలో అది ఉంటుంది, న్యోస్ వాయువులో దాదాపు లేదు, అంటే ఆ కార్బన్ చాలా పాతది. రెండోది కార్బన్-13 నిష్పత్తి, అది కుళ్ళిన మొక్కల వాయువుకి సరిపోదు, మాగ్మా వాయువుకి సరిపోతుంది. మూడోది హీలియం, నాకు అన్నిటికన్నా బలంగా అనిపించేది. హీలియం-3 భూమి పుట్టినప్పటి నుంచి పైపొర కింద ఉండే మాంటిల్ అనే రాతి పొరలో మిగిలిపోయినది, హీలియం-4 మాత్రం యురేనియం, థోరియంల రేడియోధార్మిక క్షయంతో పుడుతూనే ఉంటుంది. న్యోస్ వాయువులో హీలియం-3 వాటా గాలిలో కన్నా దాదాపు ఐదారు రెట్లు ఎక్కువ. అంత వాటా మాంటిల్ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాదు. కామెరూన్ అగ్నిపర్వత శ్రేణి కింద మాంటిల్ ఇప్పటికీ వాయువు వదులుతోందన్నమాట.

న్యోస్‌లో 1986లో ఏం జరిగింది?

1986 ఆగస్టు 21, రాత్రి 9 గంటల ప్రాంతం. వాయవ్య కామెరూన్‌లో కొండల మధ్య ఉన్న న్యోస్ సరస్సు నుంచి లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. ఆ వాయువు గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. పైకి ఎగిరి చెదిరిపోకుండా నేలని అంటిపెట్టుకుని లోయల వెంట కిందికి జారింది. న్యోస్, చా, సుబుమ్ ఊళ్ళ మీదుగా పోయింది, సరస్సుకి పాతిక కిలోమీటర్ల దూరం దాకా ప్రాణాలు తీసింది. దాదాపు 1,746 మంది చనిపోయారు, పశువులు మరో 3,500 దాకా.

చాలామంది నిద్రలోనో, భోజనం చేసి కూర్చున్నచోటనో పోయారు. ఇళ్ళు కూలలేదు, ఏమీ కాలలేదు. కొందరు స్పృహ తప్పి, గంటల తర్వాత లేచి చూస్తే ఇంట్లోవాళ్ళెవరూ కదలడం లేదు. గాలిలో మామూలుగా 0.04 శాతం ఉండే ఈ వాయువు 10 శాతానికి చేరితే నిమిషాల్లో స్పృహ పోతుంది, ఇంకా పెరిగితే బతకడం కష్టం. అప్పటిదాకా నీలంగా ఉన్న సరస్సు తర్వాత ఎర్రగా మారింది, అడుగు నుంచి పైకొచ్చిన ఇనుముకి గాలి తగిలి తుప్పులా మారినందువల్ల. నీటి మట్టం దాదాపు మీటరు తగ్గింది.

నన్ను బాధపెట్టే విషయం ఇంకొకటి ఉంది. అంతకు రెండేళ్ళ ముందే, 1984 ఆగస్టు 15న, అదే దేశంలో మొనూన్ సరస్సు దగ్గర ఇలాగే 37 మంది చనిపోయారు. హరాల్దుర్ సిగుర్డ్‌సన్ అనే ఐస్‌లాండ్ శాస్త్రవేత్త అక్కడికి వెళ్ళి పరిశీలించి, వాయువు సరస్సులోంచే వచ్చిందని తేల్చాడు. ఆ పని న్యోస్ విషాదానికి ముందే మొదలైంది, మిగతా సరస్సుల్లో అడుగు నీళ్ళు తోడి చూసే వ్యవధి మాత్రం దొరకలేదు.

అంత వాయువు అన్నాళ్ళు నీళ్ళలో ఎలా ఆగింది?

మూత తీయని గోలీ సోడా గుర్తు తెచ్చుకోండి. ఒత్తిడి ఉన్నంతసేపూ గ్యాస్ నీళ్ళలోనే కరిగి ఉంటుంది, గోలీ నొక్కగానే పొంగుతుంది. న్యోస్ లోతు 208 మీటర్లు. అడుగున ఉండే ఒత్తిడి పైన గాలి ఒత్తిడికి ఇరవై రెట్లకు పైనే, అంత ఒత్తిడిలో లీటరు నీళ్ళలో పదిహేను లీటర్లకు మించిన కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉండగలదు.

అయితే అది అక్కడే ఉండాలంటే ఇంకో షరతు ఉంది, కింది నీళ్ళు పైకి రాకూడదు. చలి దేశాల్లో శీతాకాలం రాగానే పైనీళ్ళు చల్లబడి బరువెక్కి మునుగుతాయి, కిందివి పైకొస్తాయి, ఏటా సరస్సు కలగలిసిపోతుంది. జర్మనీలోని లాహర్ సరస్సులో ఈరోజుకీ ఒడ్డు పక్కన కార్బన్ డయాక్సైడ్ బుడగలు వస్తుంటాయి, కానీ ఇలా కలగలిసిపోవడం వల్ల అది పోగుపడదు. కామెరూన్‌లో ఏడాది పొడవునా పైనీళ్ళు వెచ్చగానే ఉంటాయి. అడుగు నీళ్ళు కరిగిన లవణాలతో, వాయువుతో బరువెక్కి కిందే ఉండిపోతాయి. కొండల చాటున ఉండటం వల్ల గాలి తాకిడి కూడా తక్కువ. అలా పొర మీద పొరగా సరస్సు కదలకుండా ఉండిపోయింది, వాయువు చేరుతూనే ఉంది.

మరి ఆ రాత్రి దాన్ని కదిలించిందేమిటి?

దీని మీద అప్పట్లో గట్టి వాదనే జరిగింది. సరస్సు కింద అగ్నిపర్వతమే పేలిందని కొందరు యూరప్ శాస్త్రవేత్తలు అన్నారు. వాయువు ముందునుంచీ నీళ్ళలోనే పోగై ఉందని, ఏదో చిన్న కదలిక దాన్ని విడుదల చేసిందని జార్జ్ క్లింగ్ తదితరులు వాదించారు. అడుగు నీళ్ళు వేడెక్కిన జాడ లేదు, గంధకం, క్లోరైడు పెరిగిన జాడ లేదు, అడుగు మట్టి చెల్లాచెదురైన గుర్తులూ లేవు. రసాయనం రెండో వాదన వైపే నిలిచింది, ఇవాళ ఎక్కువమంది ఒప్పుకునేదీ అదే.

ఆ చిన్న కదలిక ఏదన్నది వేరే సంగతి. ఒడ్డున కొండచరియ జారిపడి ఉండొచ్చు, ఆగస్టు వానలకి చల్లటి నీళ్ళు ఒక పక్క మునిగి ఉండొచ్చు, గాలి నీళ్ళని ఒక వైపుకి నెట్టి ఉండొచ్చు. అడుగు నీళ్ళు వాయువుతో నిండిపోయాక ఏ కారణమైనా చాలు, కాస్త నీరు పైకి లేస్తే దాని మీద ఒత్తిడి తగ్గుతుంది, బుడగలు పుడతాయి, బుడగలు నీళ్ళని ఇంకా పైకి లాగుతాయి, ఆపై ఆ పని దానంతట అదే సాగిపోతుంది.

బతికినవాళ్ళు కుళ్ళిన గుడ్ల వాసన, తుపాకీ మందు వాసన వచ్చిందన్నారట. కార్బన్ డయాక్సైడ్‌కి వాసన ఉండదుగా?

ఉండదు. అగ్నిపర్వతం పేలిందన్నవాళ్ళు ఈ వాంగ్మూలాలనే ఆధారంగా చూపించారు కూడా. కానీ నీళ్ళలో గంధకం చాలా తక్కువ. ఎక్కువ మోతాదులో కార్బన్ డయాక్సైడ్ పీల్చినప్పుడు లేని వాసనలు ఉన్నట్టు తోచడం ముందే తెలిసిన విషయం. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళకి అలాగే అనిపించింది.

ఇప్పుడు న్యోస్ దగ్గర ప్రమాదం పోయిందా?

చాలావరకు తగ్గింది. మిషెల్ హాల్బ్‌వాక్స్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బృందం 2001 జనవరిలో సరస్సులోకి అడుగు దాకా ఒక పైపు దించింది. మొదట పంపుతో కొంచెం నీళ్ళు పైకి లాగుతారు. పైపులో నీళ్ళు పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి వాయువు బుడగలై, ఆ బుడగలే నీళ్ళని మోసుకొస్తాయి, తర్వాత పంపు ఆపేసినా ఆగదు. నలభై మీటర్లకు పైగా ఎత్తున ఫౌంటెన్ లేచింది. ఊళ్ళని చంపిన శక్తినే పైపులో పెట్టి, కరెంటు అవసరం లేకుండా, కొంచెం కొంచెంగా ఖర్చు చేయించారు. ఈ మొత్తం విషయంలో నాకు అత్యంత ఇష్టమైన భాగం ఇదే.

ఒక్క పైపు చాలడం లేదని 2011లో ఇంకో రెండు పెద్ద పైపులు వేశారు. మొనూన్‌లో 2003లో మొదలైంది, కొన్నేళ్ళకి వాయువు తగ్గిపోయి ఫౌంటెన్ దానంతటదే ఆగింది. అయినా కింద నుంచి ఊట ఆగదు కాబట్టి అక్కడ సౌర విద్యుత్తుతో నడిచే పంపు పెట్టారు. న్యోస్‌లోనూ వాయువు ఊరుతూనే ఉంటుంది, కాబట్టి ఈ పైపుల్ని ఎవరో ఒకరు చూసుకుంటూనే ఉండాలి. సరస్సు ఉత్తరాన ఉన్న బలహీనమైన సహజ కట్ట మీద కూడా చాలాకాలం ఆందోళన ఉండేది, తర్వాత దాన్ని బలపరిచారు. ఊళ్ళు ఖాళీ చేసిన వేలమంది మాత్రం ఏడు పునరావాస శిబిరాల్లో దశాబ్దాలు గడిపారు.

కివు సరస్సు కూడా అలా పొంగుతుందా?

కివు బిలంలోని సరస్సు కాదు, రువాండా, కాంగోల మధ్య చీలిక లోయలో ఉన్న పెద్ద సరస్సు. కానీ ఈ ప్రశ్న ఎప్పుడూ వస్తుంది, రావాలి కూడా, దాని చుట్టూ లక్షలమంది ఉంటారు. అందులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ దాదాపు 300 ఘన కిలోమీటర్లు, మీథేన్ దాదాపు 60 ఘన కిలోమీటర్లు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ భాగం మాగ్మాది. మీథేన్ మాత్రం సూక్ష్మజీవుల పని, కొంత అడుగున కుళ్ళే పదార్థం నుంచి, కొంత ఆ కార్బన్ డయాక్సైడ్ నుంచే.

అడుగు నీళ్ళు ఇంకా పూర్తిగా నిండిపోలేదు, ఒత్తిడి ప్రకారం పట్టగలిగేదానికి చాలా తక్కువే ఉంది. 2002లో నైరాగొంగో అగ్నిపర్వతపు లావా గోమా నగరం మీదుగా సరస్సులోకే వచ్చింది, అప్పుడూ పొరలు చెదరలేదు. రువాండాలో మీథేన్ తీసి కరెంటు చేసే 26 మెగావాట్ల ప్లాంటు నడుస్తోంది. వాయువు తీసేశాక ఆ నీళ్ళని ఏ లోతులో తిరిగి వదులుతున్నారన్నది చాలా ముఖ్యం. తప్పు లోతులో వదిలితే సరస్సుని కాపాడుతున్న పొరలే పలచబడతాయి.

ఆమ్ల సరస్సులు న్యోస్‌లా పొంగవా? మరి వాటితో ప్రమాదం ఏమిటి?

అలా పొంగవు. వేడి ఆమ్ల జలంలో కార్బన్ డయాక్సైడ్ నిలవదు, వచ్చింది వచ్చినట్టు బుడగలై పోతుంది, నీళ్ళు కూడా కలియబడుతూ ఉంటాయి. వీటి ప్రమాదాలు వేరు.

ఒకటి ఆవిరి పేలుడు. సరస్సు అడుగున గంధకం కరిగి ద్రవంగా ఉంటుంది, దాదాపు 115 నుంచి 119 డిగ్రీల దగ్గర అది కరుగుతుంది. ఇంకా వేడెక్కితే పలచబడాలి కదా అనుకుంటాం, 159 డిగ్రీలు దాటగానే ఉల్టా విపరీతంగా చిక్కబడుతుంది. అలా చిక్కబడిన గంధకం, దానితోపాటు పేరుకున్న ఖనిజాలు వాయువు దారిని మూసేస్తే కింద ఒత్తిడి పెరిగి పేలుతుంది. మాగ్మా పైకి రావాల్సిన పని కూడా లేదు. 2019 డిసెంబరు 9న న్యూజీలాండ్‌లోని వకారి దీవిలో పర్యాటకులు బిలంలో ఉండగానే ఇలాంటి ఆవిరి పేలుడు జరిగి 22 మంది చనిపోయారు.

రెండోది బురద వరద. జావాలోని కెలుద్ 1919లో పేలినప్పుడు బిలంలోని సరస్సు మొత్తం బురదై ఊళ్ళ మీద పడి 5,000 మందికి పైగా చనిపోయారు. తర్వాత నీటి మట్టం తగ్గించడానికి కొండని తొలిచి సొరంగాలు వేశారు. రువాపెహులో 1953 డిసెంబరు 24న విస్ఫోటనమే లేదు, సరస్సుకి గట్టుగా ఉన్న బూడిద కట్ట తెగింది. ఆ బురద వరద టాంగివై దగ్గర రైలు వంతెనని దెబ్బతీసింది, కొద్దిసేపటికి వచ్చిన రాత్రి రైలు నదిలో పడి 151 మంది పోయారు. 2007 మార్చిలో అక్కడ కట్ట మళ్ళీ తెగింది. ఈసారి ముందే పెట్టిన హెచ్చరిక వ్యవస్థ పనిచేసింది, ఎవరికీ ఏమీ కాలేదు.

నీళ్ళు పరీక్షించి విస్ఫోటనాన్ని ముందే చెప్పొచ్చా?

కొన్నిసార్లు. రువాపెహులో మెగ్నీషియం, క్లోరైడుల నిష్పత్తి చూస్తారు. కొత్త మాగ్మా నీళ్ళ దాకా వస్తే ఆమ్లం ఆ తాజా రాయిని కరిగించి మెగ్నీషియం పెరుగుతుంది. జపాన్‌లోని కుసాత్సు-షిరానె పర్వతం మీది యుగామా సరస్సులో పాలిథయొనేట్లు అనే గంధక సమ్మేళనాల్ని కొలిచేవారు, 1982 విస్ఫోటనాలకి ముందు అవి తగ్గిపోయాయి. పోయాస్‌లో నీళ్ళ బదులు సరస్సు మీది గాలిని కొలిచే పరికరం పెట్టారు. మామూలు రోజుల్లో సరస్సు సల్ఫర్ డయాక్సైడ్‌ని కరిగించుకుని ఆపేస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ని వదిలేస్తుంది. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ వాటా పెరిగిందంటే సరస్సు ఆపగలిగే హద్దు దాటి వాయువు వస్తోందన్నమాట, చాలా పేలుళ్ళకి కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల ముందు అలా కనిపించింది.

దారి మూసుకుపోయి జరిగే పేలుళ్ళతోనే చిక్కు. పేలే ముందు వాయువు పెరగదు, తగ్గుతుంది. అంతా సద్దుమణిగినట్టు కనిపిస్తుంది. అందుకే ఒక్క అంకె చూసి ధైర్యం చెప్పేవాళ్ళకన్నా, నీళ్ళు, గాలి, వేడి, భూకంప తరంగాలు అన్నీ కలిపి చూసేవాళ్ళ మాట వినాలి.

ఆ ఆమ్లంలో ఏదైనా బతుకుతుందా?

సూక్ష్మజీవులు బతుకుతాయి, అవి కూడా చాలా తక్కువ రకాలు. పోయాస్ సరస్సులో గంధకం, ఇనుము, చక్కెరల మీద ఆధారపడగల ఒక బ్యాక్టీరియాని గుర్తించారు. చేపలు, నాచు ఊసే లేదు.

మన దేశంలో ఇలాంటివి ఉన్నాయా? లోనార్ ఇదేనా?

లోనార్ అగ్నిపర్వత బిలం కాదు. మహారాష్ట్రలో దక్కన్ బసాల్టు రాతిలో ఉల్క పడి ఏర్పడిన గుంట అది, వెడల్పు 1.8 కిలోమీటర్లు. రాయి మాత్రం అగ్నిపర్వతానిదే, దాదాపు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో నల్లరాయిగా కనిపించేది ఆ లావా ప్రవాహాల అంచే, రాజమండ్రి దగ్గర గోదావరి పక్కన కూడా అలాంటి రాయి ఉంది. అయితే ఆ లావా నేలలోని పొడవాటి చీలికల నుంచి పారింది, శిఖరం మీద బిలం ఉన్న కొండల నుంచి కాదు. కాబట్టి మన దగ్గర బిలాల్లో సరస్సులు వెతకడం అనవసరం.

లోనార్ రసాయనం ఇజెన్‌కి పూర్తిగా వ్యతిరేకం. కింద నుంచి ఆమ్ల వాయువు లేదు, నీళ్ళు బయటికి పోయే దారి లేదు, ఎండకి ఆవిరైపోతూ సోడియం కార్బొనేటు చిక్కబడింది. పిహెచ్ 10 దరిదాపుల్లో ఉంటుంది. 2020 జూన్‌లో గులాబీ రంగుకి మారింది కదా, నీళ్ళు తగ్గి ఉప్పదనం పెరిగినప్పుడు పెరిగే ఒక రకం సూక్ష్మజీవుల వర్ణకమే దానికి కారణం.

బాలి వెళ్తున్నాం, కవా ఇజెన్ కూడా చూద్దామనుకుంటున్నాం. వెళ్ళొచ్చా?

ఇండోనేసియా అగ్నిపర్వత శాఖ ఆ రోజు ఏ హెచ్చరిక స్థాయి పెట్టిందో చూసుకుని వెళ్ళండి, గైడు మాట ఒక్కటే నమ్ముకోకండి. 2018 మార్చిలో బిలం నుంచి ఒక్కసారిగా వాయువు ఎక్కువై కింద ఊళ్ళవాళ్ళు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ కనిపించే నీలి మంట లావా కాదు, వేడి గంధక వాయువులు గాలి తగిలి మండుతున్న వెలుగు, అంటే మీరు మంటని చూస్తున్న చోట సల్ఫర్ డయాక్సైడ్ గట్టిగానే ఉంటుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఆమ్ల వాయువులకి తగిన ఫిల్టరు ఉన్న రెస్పిరేటరు కావాలి. ఆస్తమా ఉన్నవాళ్ళు, చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు కిందికి దిగకుండా గట్టు మీది నుంచే చూడండి. గాలి మీ వైపు తిరిగి తెల్లటి పొగ కమ్మితే ఫొటోల కోసం ఆగొద్దు, గాలి వీచే దారి నుంచి పక్కకి, వీలైనంత ఎత్తుకి జరగండి. దారిలో బుట్టల్లో గంధకం మోస్తూ వచ్చే కూలీలకి ముందుగా దారి వదలండి, ఒక్కొక్కరి భుజం మీద 70 కిలోలకు పైనే బరువుంటుంది.